ఇల్లు ఖాళీ చేసిపోయిన నరేందర్

నాచారం ఫ్యాక్టరీల వెనక గల్లీల్లో బండ్ల చప్పుడుకు కొదవ లేదు. షిఫ్టుకు పోయేవాళ్ళవి, పాలవాళ్ళవి, గ్యాస్ సిలిండర్ల వాళ్ళవి పొద్దంతా తిరుగుతూనే ఉంటాయి. అవేవీ నరేందర్‌ చెవికెక్కవు. గల్లీ మలుపు దగ్గర నెమ్మదించి, ఇంటి నంబర్లు చూసుకుంటూ మొదటి గేరులో గుర్రుమంటూ వచ్చే బండి మాత్రం వేరు. అది దారి తెలియనివాడి బండి, ఎవరినో వెతుక్కుంటూ వచ్చేవాడి బండి. ఆ చప్పుడు వినపడితే చాలు, నరేందర్‌ నోట్లో పెట్టుకోబోయిన ముద్ద చేతిలోనే ఆగిపోయేది. బండి తమ గేటు దాటిపోయేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. బిడ్డ హిమజ కూడా పుస్తకం మీద వేలు పెట్టి అట్లాగే ఉండిపోయేది. ఎవరూ నేర్పకుండానే ఆ పిల్లకు అది అలవాటైపోయింది.

మనిషి పుట్టుకతో పిరికివాడేం కాదు. జనగామ దిక్కు నుంచి ఇరవై ఏళ్ళు నిండకముందే వచ్చి, పరంధామయ్య గారి షెడ్డులో లేత్ మిషిన్ మీద టర్నర్‌గా కుదిరాడు. గిర్రున తిరిగే ఇనుపకడ్డీ ముందు, నీలంరంగుకు మారి ఎగిరిపడే చీలికల ముందు, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నిలబడేవాడు. మెడ మీద, మణికట్టు మీద కాలిన మచ్చలున్నాయి. వాటినెప్పుడూ లెక్కపెట్టలేదు. అలాంటివాణ్ణి చేతిలో ఒక సంచీ, నోట్లో నాలుగు తిట్లు తప్ప ఏమీ లేని మనుషులు బియ్యం డ్రమ్ము వెనక దాక్కునేలా చేశారు.

అది ఇట్లా జరిగింది. రెండువేల ఎనిమిదిలో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర గొడుగు కింద బల్ల వేసుకుని, మెడకు టైలు కట్టుకుని, పిలిచి పిలిచి క్రెడిట్ కార్డులిచ్చేవాళ్ళు. నరేందర్‌కూ ఒకటి ఇచ్చారు. ఆ ఏడే భార్య సారలమ్మకు కడుపులో గడ్డ తీయించాల్సి వచ్చింది. ప్రైవేటు దవాఖానాలో కార్డు గీకితే పనైపోయింది. ఎవరి ముందూ చేయి చాచనక్కర లేకపోయేసరికి ఆ సాయంత్రం నరేందర్‌ ఆ ప్లాస్టిక్ ముక్కను కళ్ళకద్దుకున్నాడు కూడా. నెలనెలా బిల్లులో కింద చిన్నగా ఒక అంకె ఉండేది, కనీసం ఇంత కట్టాలి అని. అదే కిస్తీ అనుకుని, ఒక్క నెలా తప్పకుండా కట్టాడు. కడుతున్నకొద్దీ అప్పు తరగకపోగా ఎందుకు పెరుగుతోందో అడగడానికి మొహమాటపడ్డాడు. ఈలోగా షెడ్డుకు ఆర్డర్లు ఆగిపోయాయి. ఎక్కడో అమెరికాలో బ్యాంకులు మునిగితే నాచారంలో పంపుల షాఫ్టులు ఎవరూ కొనకపోవడమేమిటో కార్మికులెవరికీ అంతుపట్టలేదు. నెలలో సగం రోజులే పని, సగమే జీతం. కిస్తీలు తప్పాయి.

అప్పుడు మొదలైంది బండ్ల రాక. ఇద్దరిద్దరు వచ్చేవారు. గేటు ముందు నిలబడి గల్లీకంతా వినపడేలా పేరు పెట్టి పిలిచేవారు. "పెండ్లాం ముంగట ఇజ్జత్ తియ్యాల్నా నరేందర్?" అని అడిగేవారు.

ఆ కాంపౌండులో ఆరు పోర్షన్లున్నాయి. గేటు పక్క పోర్షన్‌లో మొగిలయ్య ఉంటాడు. ఏదో మందుల కంపెనీలో వాచ్‌మన్‌గా చేసి మానేసిన ముసలాయన. ఉద్యోగం పోయినా కాపలా మానలేదు, పొద్దస్తమానం గేటు లోపల వైరు కుర్చీలో కూర్చునే ఉంటాడు. ఒకనాడు ఆ ఇద్దరూ వచ్చినప్పుడు, ఎవరూ చెప్పకుండానే, తనంతట తానే నోరు విప్పాడు.

"నరేందరా? ఎక్కడి నరేందర్ బిడ్డా! ఇల్లు ఖాళీ జేసి పాయె. బోడుప్పల్ దిక్కు పోయిండని ఇన్న. నాకు గూడ చిట్టీ పైసలు ఎగ్గొట్టిండు. నీకు దొరికితె జర నాకు గూడ చెప్పు, నీకు పుణ్యముంటది."

లోపల డ్రమ్ము వెనక, సారలమ్మ భుజానికి భుజం ఆనించి కూర్చున్న నరేందర్‌కు చెమట కళ్ళల్లోకి కారుతోంది. తుడుచుకోవడానికి చేయి లేపినా చప్పుడవుతుందని భయం. బండి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎవరొచ్చినా మొగిలయ్యది అదే మాట. పక్క పోర్షన్ల ఆడవాళ్ళు కూడా అందుకున్నారు. ఒకావిడ అయితే "మా గిన్నె గూడ పట్కపోయిన్రు" అని ఇంకాస్త కలిపేది. గల్లీకి గల్లీ ఒక్కమాట మీద నిలబడి నరేందర్‌ను మాయం చేసేసింది.

చివరికి రెండువేల పదిలో సారలమ్మ మెడలో గొలుసు అమ్మి, రికవరీ ఆఫీసులో సగం కట్టి, మిగతా సగం మాఫీ చేయించుకుని, కాగితం తెచ్చుకున్నాడు. పీడ విరగడైందనుకున్నాడు. ఆ సంగతి గల్లీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మొదట అప్పు సంగతి తన నోటితో ఎత్తాలి. అది చేతకాలేదు. వాళ్ళు అడగలేదు, ఇతను చెప్పలేదు.

రెండేళ్ళు గడిచాయి. కరెంటుకు కరువొచ్చింది. వారంలో మూడు రోజులు ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే. మిషిన్లు ఆగిపోయిన షెడ్డులో పరంధామయ్య ఒకరోజు నరేందర్‌ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఇంక నా వల్ల కాదయ్యా, మూసేస్తున్నాను. ఆ పెద్ద లేత్ నువ్వు తీసుకో. పదహారేళ్ళుగా నీ చెయ్యి అలవాటు దానికి. షెడ్డు అద్దె నేను మాట్లాడి పెడతా, జాబ్ వర్క్ ఇచ్చే పార్టీల్నీ చూపిస్తా. కానీ వచ్చే ఏడు దసరా దాకానే షెడ్డు నడపగలను. ఆ తరవాత ఎవరు నోట్లు చూపిస్తే వాళ్ళదే."

ఆ మిషిన్ దక్కితే తన షెడ్డు, తన పని. దక్కకపోతే నలభై దగ్గరపడిన వయసులో కాంట్రాక్టరు కింద దినకూలీ. అంత డబ్బు చేతికిచ్చే బంధువు ఎవరూ లేరు. బ్యాంకు ఒక్కటే దారి.

ఉప్పల్ బ్రాంచిలో తారామణి అని ఆఫీసరుండేది. గుంటూరు వైపు మనిషి. కంప్యూటర్లోకి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "మీరు సగం కట్టి సగం మాఫీ చేయించుకున్నారని రికార్డులో ఉందండీ. ఇది చూస్తే ఏ బ్యాంకూ లోనివ్వదు."

నరేందర్‌ ఆ కంప్యూటర్ వైపు చూశాడు. పీడ పోలేదు, ఇన్నాళ్ళూ అక్కడ కంప్యూటర్లో కూర్చుని తన కోసం ఎదురుచూస్తోందన్నమాట.

"మరెట్ల మేడం? మిగిలిన సగం గూడ ఇప్పుడు కడ్త."

"కట్టేయండి, మంచిదే. కానీ అదొక్కటే చాలదు. మీరు మళ్ళీ సక్రమంగా కడతారని కనపడాలి. ఒక పని చేయండి. మా దగ్గర కొంత డిపాజిట్ వేయండి. దాని పూచీ మీద కార్డు ఇస్తాం. కొంచెం కొంచెం వాడుతూ, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టండి. కనీసం కాదు, మొత్తం. ఏడాది గడిస్తే అడగడానికి మీకో ముఖం ఉంటుంది. ఇస్తారని మాత్రం మాటివ్వలేను."

కార్డు అన్న మాట దగ్గరే నరేందర్‌ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఇంట్లో చెబితే సారలమ్మ ముందు నవ్వింది, తరవాత మండిపడింది. "మన పైసలు మనమే కుదవ వెట్టి, మల్ల మన పైసలే అప్పు దెచ్చుకునుడా? గిదేం లోకమయ్యా! ఒక్కపారి గొలుసు పాయె, ఇప్పుడేం పోవాలె?"

నరేందర్‌ భయమూ అదే. కానీ మర్నాడు పొద్దున సారలమ్మ తను ఎత్తిన చిట్టీ డబ్బు తెచ్చి అతని ముందు పెట్టింది. "నువ్వు లేత్ కాడ నిలవడ్డప్పుడు ఎట్లుంటవో నేను జూసిన. గా మనిషి మల్ల ఇంటికి రావాలె. తీస్కపో," అంది.

ఆ డబ్బుతో పాత అప్పులో మిగిలిన సగం కట్టి, తక్కింది డిపాజిట్ వేశాడు. కార్డు పోస్టులో వద్దని, బ్రాంచికే పోయి తెచ్చుకున్నాడు. ఇంటి అడ్రసు పట్టుకుని ఎవడూ గల్లీలోకి రాకూడదు. దాన్ని తన పాత స్కూటరు పెట్రోలుకు మాత్రమే వాడాలని నియమం పెట్టుకున్నాడు. మొదటిసారి బంకులో కార్డు గీకినప్పుడు, ఆ చిన్న మిషిన్ కిచకిచమంటూ కాగితం కక్కుతుంటే, అందరూ తననే చూస్తున్నట్టనిపించింది. మర్నాడే బ్యాంకుకు పోయి ఆ డబ్బు కట్టేశాడు. ఆ వారంలోనే మళ్ళీ పోయించాడు, మళ్ళీ కట్టేశాడు. చూసీ చూసీ తారామణి నవ్వు ఆపుకోలేకపోయింది.

"బిల్లన్నా రానివ్వండి నరేందర్ గారూ! ఇలా కట్టేస్తే బిల్లులో ఏమీ కనపడదు. అప్పే లేనట్టుంటే మీరు తీర్చారని ఎలా తెలుస్తుంది?"

కాబట్టి అప్పును కొన్నాళ్ళు ఒంటి మీద ఉంచుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే కష్టమైన పని అదే. బిల్లు వచ్చేదాకా నిద్ర పట్టేది కాదు, వచ్చాక కట్టేదాకా అన్నం సయించేది కాదు. ఒకసారి సరిగ్గా ఆఖరు తేదీనాడే బంద్ పిలుపొచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, స్కూటర్లను కూడా ఆపేస్తున్నారు. నాచారం నుంచి ఉప్పల్ దాకా, మెట్రో కోసం తవ్విన గుంతల పక్కన నడుచుకుంటూ పోతే బ్యాంకు షట్టరు వేసి ఉంది. ఆ షట్టరు ముందు కూర్చుని, అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాడు. ఒక్కరోజు ఆలస్యంతో కొంపలేమీ అంటుకోవని మర్నాడు తారామణి చెప్పాక గానీ ముద్ద మింగుడు పడలేదు. ఆ తరవాత ఎప్పుడూ ఆఖరు తేదీ దాకా ఆగలేదు.

దసరా ఇంకో నెల ఉందనగా తారామణి పిలిపించింది. రికార్డు చాలావరకు బాగుపడిందనీ, మిషిన్ లోనుకు దరఖాస్తు పంపుతాననీ చెప్పింది. "వెరిఫికేషన్ ఉంటుంది మరి," అంది. కాగితాల వెరిఫికేషన్ అనుకుని నరేందర్‌ తలూపాడు. ఆ వారమంతా లేత్ మీద అతని చేయి చాన్నాళ్ళకు పాత వేగంతో ఆడింది.

అప్పుడొచ్చింది ఫోను, వెంటనే రమ్మని. తారామణి ముఖంలో నవ్వు లేదు.

"మీరు ఆ ఇంట్లో లేరని రిపోర్ట్ వచ్చిందండీ. ఖాళీ చేసి ఏళ్ళయిందట. ఎవరికో చిట్టీ డబ్బులు కూడా ఎగ్గొట్టారట! నాకు తప్పుడు అడ్రసిచ్చారా?"

నరేందర్‌కు అర్థమైంది. అర్థమైన క్షణంలోనే అడగకుండానే ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. బ్యాంకు మనిషి బండి మీద గల్లీలోకి వచ్చాడు, పేరు చెప్పి అడిగాడు. గల్లీ తన పని తాను చేసింది. ఇందులో తప్పెవరిదని చెప్పాలి? ఏం చెప్పినా పాతవన్నీ చెప్పాలి. చివరికి డ్రమ్ము వెనక కూర్చున్న సంగతితో సహా అంతా చెప్పేశాడు, బల్ల అంచు వైపు చూస్తూ.

తారామణి ఫైలు దగ్గరికి లాక్కుంది. "ఇంకొక్కసారి పంపమని రాస్తాను. ఎప్పుడొస్తారో నాక్కూడా చెప్పరు. ఈసారి కూడా లేరంటే ఫైలు మూసేస్తారు. ఇక నేను చేయగలిగిందేమీ లేదు."

తిరిగి షెడ్డుకు వస్తే, బాలానగర్ నుంచి ఎవరో వచ్చి లేత్ చూసిపోయారని తెలిసింది. డబ్బు చేతిలో పట్టుకునే వచ్చారట.

ఆ సాయంత్రం మొగిలయ్య కుర్చీ ముందు నిలబడ్డాడు నరేందర్‌. "తాతా, మొన్న ఎవరన్న నా కోసం వచ్చిన్రా?"

"వచ్చిండొకడు, హెల్మెట్టు పెట్టుకోని," అన్నాడు మొగిలయ్య హుషారుగా. "ఏం ఫికర్ జెయ్యకు. ఎప్పటి తీర్గనే పంపిచ్చిన. ఈసారి బోడుప్పల్ గాదు, ఘట్‌కేసర్ పోయిండని చెప్పిన. జర దూరముండనీ అని."

నరేందర్‌కు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన ముందే మెట్టు మీద కూర్చుని, గొలుసు అమ్మిన సంగతి, అప్పు మూడేళ్ళ కిందే తీరిన సంగతి, మిషిన్ సంగతి, అన్నీ చెప్పాడు. మొగిలయ్య ముఖం వాడిపోయింది.

"మూడేండ్లాయెనా తీరి? గంత జరిగితె ఒక్క మాట చెప్పకపోతివి గదరా! వాన పడ్డా ఎండ గొట్టినా నీ కోసమే గద గీడ కూసున్న. గల్లీల కొత్త మొఖం కనవడ్తె నాకే గుండె దడదడ గొట్టుకునేది."

"సిగ్గయింది తాతా."

"అబద్ధాలాడింది మేము, సిగ్గు నీకు! బాగుంది," అని అటు తిరిగి కూర్చున్నాడు ముసలాయన.

నరేందర్‌ ఒక్కో తలుపూ తట్టాడు. ప్రతి గుమ్మం ముందూ అదే కథ మొదటి నుంచి చెప్పాడు. గిన్నె సంగతి కల్పించిన ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మరి మొన్న గూడ చెప్తిని గద అన్నా, గిన్నె గాదు కుక్కరని చెప్తి," అంది.

రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. బండి చప్పుడైనప్పుడల్లా ఇప్పుడు రెండు భయాలు, వచ్చాడేమోనని ఒకటి, రాలేదేమోనని ఇంకొకటి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఇంటికి అన్నానికి వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడో లేదో, మలుపు దగ్గర బండి నెమ్మదించింది. మొదటి గేరు. గుర్రుమంటూ, ఆగుతూ, వస్తూ.

లేచి గేటు దగ్గరికి పోవాలి. మనసు అదే చెప్పింది. కానీ కాళ్ళు వాటంతటవే బియ్యం డ్రమ్ము వైపు తీసుకుపోయాయి. గోడకు వీపు ఆనించి నిలబడిపోయాడు. బయట మొగిలయ్య గొంతు మోగిపోతోంది.

"నరేందరా? ఉన్నడు! ఎందుకు లేడు? గీణ్ణే ఉన్నడు. యాడికి పోలే. నాకు చిట్టీ పైసలు గూడ ఇచ్చేదేం లేదు. మస్తు మంచోడు!"

వచ్చినాయన పేరు చిదంబరం. మొన్న వచ్చింది కూడా ఆయనే. "పెద్దమనిషీ, పోయినపారి పోయిండంటివి. ఇప్పుడు ఉన్నడంటవు. నన్ను జూస్తె ఎట్ల కనవడ్తున్న?"

ఇన్నేళ్ళలో గేటు దగ్గర మొగిలయ్య తడబడటం అదే మొదటిసారి. "గది... గప్పుడు... నువ్వు హెల్మెట్టు తియ్యలేదు," అన్నాడు. ఇంతలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఉన్నడు సారు, ఉన్నడు, మా పక్కనే ఉన్నడు, కుక్కరు గూడ మాదగ్గరనే ఉంది అని తలా ఒకమాట. చిదంబరం ఒక్కొక్కరినీ చూశాడు.

"అందరికి మంచిగ నేర్పిచ్చి పెట్టిండు," అని బండి వెనక్కి తిప్పాడు.

గల్లీ మొత్తం నిజం చెబుతోంది, ఒక్కమాటా నమ్మబుద్ధి కావడం లేదు. లోపల నరేందర్‌కు అంతా వినపడుతోంది. బండి మళ్ళీ స్టార్టయిన చప్పుడు కూడా వినపడింది. సారలమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడి, మెల్లగా అడిగింది, "నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

ఎంగిలి చేత్తోనే, చెప్పుల్లేకుండా బయటికి నడిచాడు. గుమ్మం నుంచి గేటు దాకా ఎంతో దూరం లేదు. ఆ దూరంలోనే చొక్కా తడిసిపోయింది. గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"నేనే సార్," అన్నాడు. "నరేందర్‌ను నేనే."

చిదంబరం బండి దిగకుండానే పైనుంచి కిందికి చూశాడు. "గిప్పటిదాంక యాడున్నవ్?"

"లోపలనే సార్. దాసుకున్న." గల్లీ అంతా వింటోందని తెలుసు. అయినా ఆగలేదు. "అప్పటోళ్ళు అనుకుని దాసుకున్న. అప్పు తీరింది, భయం పోలేదు. వీళ్ళు అబద్ధమాడింది నా కోసమే. వీళ్ళ తప్పు లేదు."

చిదంబరం బండి స్టాండు వేసి హెల్మెట్టు తీశాడు. "ఓటరు కార్డుందా?" అన్నాడు. లోపలికి వచ్చాడు. గోడ మీది పెళ్ళి ఫోటో చూశాడు, హిమజ స్కూలు ఐడీ చూశాడు, సారలమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. కాగితం మీద ఏం రాసుకున్నాడో చెప్పలేదు. "నేను రాసేది రాస్త. ఇచ్చుడు ఇయ్యకపోవుడు పైవాళ్ళిష్టం," అని వెళ్ళిపోయాడు.

మొగిలయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "అబద్ధం జెప్పినప్పుడు గూడ గిన్ని చెమటలు పట్టలే నాకు," అన్నాడు.

లోను వచ్చింది, అడిగినంత కాదు. తక్కువైనదాన్ని జాబ్ వర్క్‌ డబ్బుల్లోంచి నెలనెలా తీసుకుంటానని పరంధామయ్య ఒప్పుకున్నాడు, కాస్త సణిగి. ఆయుధపూజనాడు లేత్‌కు బొట్టు పెడుతూ నరేందర్‌ లెక్కలు వేసుకున్నాడు. కిస్తీ ఎంతో తెలుసు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, పార్టీలు ఎన్నాళ్ళు పనిస్తాయో తెలియదు. భయపడటానికి కావలసినవన్నీ మళ్ళీ సిద్ధంగా ఉన్నాయి.

ఆ సాయంత్రం ప్రసాదం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"తాతా, నెలనెలా కట్టాలె. దేవుడు ఎట్ల జూస్తడో ఏమో. ఎప్పుడన్న తప్పితె మల్ల ఎవరన్న బండేసుకోని వస్తరు. గప్పుడు గూడ ఉన్నడనే చెప్పు."

మొగిలయ్య ప్రసాదం నోట్లో వేసుకుని నమిలాడు. "చెప్త తియ్. చెప్పినంక నువ్వు బయటికొస్తవా మరి?"

నరేందర్‌ గల్లీ మలుపు వైపు చూశాడు.

"వస్త," అన్నాడు.